కాలరు లోపలి పేరు

సెలవులు అయిపోవచ్చే వారంలో పేర్లు కుట్టే పని ఊపిరి సలపనివ్వదు. ఈసారి బడివాళ్ళు గట్టిగానే చెప్పారు. పిల్లలందరివీ ఒకే మెరూన్ రంగు స్వెటర్లు, చలి మొదలైతే రోజూ ఎవరివో ఒకరివి మారిపోతున్నాయి, పేరు లేని వస్తువు పోతే మా పూచీ లేదు అని. దాంతో తల్లులంతా ఒక్కసారిగా షాపు మీద పడ్డారు.

బడిబట్టలు అమ్మే ఆ షాపులో వెనకవైపు, మేడమెట్ల కింద, ఒక బల్ల, వీపు ఆనించుకోను వీల్లేని స్టూలు, తలకి తగిలేంత కిందికి వేలాడే బల్బు. అక్కడ కూర్చుని చిన్నకోడలు పొద్దుటినుంచి తెల్లటి టేపు ముక్కల మీద నీలం దారంతో పేర్లు కుడుతోంది. ముందు పెన్సిలుతో సన్నగా రాసుకుంటుంది. ఆ గీత మీద గొలుసుకుట్టు వేస్తుంది. దారం బిగుసుకోకూడదు, అలాగని వదులుగానూ ఉండకూడదు. పేరు పూర్తయ్యాక టేపు చివరలు లోపలికి మడిచి, పిల్ల మెడకి గుచ్చుకోకుండా కాలరు లోపలివైపు పెట్టి చుట్టూ సన్నటి కుట్టు వేస్తుంది. ఒత్తులూ సున్నాలూ దండిగా ఉన్న పేరు వస్తే మాత్రం, ఈ తల్లిదండ్రులకి ఇంతకంటే తేలిక పేరు దొరకలేదా అని లోపల్లోపల విసుక్కుంటుంది.

"ఇంకాస్త పెద్దగా కుట్టమ్మా," అంది కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, టేపుని బల్బు వైపు ఎత్తి చూస్తూ. "మా అమ్మాయి స్వెటరు కిందటేడు ఎవరో వేసుకుపోయారు. ఈసారి దూరంనుంచే తెలియాలి."

"కాలరు లోపల ఉండేది దూరంనుంచి ఎలా కనిపిస్తుందండీ?"

"కనపడకపోయినా ఉందని తెలియాలి. తీసేవాళ్ళకి అదే భయం."

చిన్నకోడలు నవ్వి, కుట్టింది విప్పి, మళ్ళీ పెద్ద అక్షరాలతో మొదలుపెట్టింది. ఆవిడ పక్కనే నిలబడి చివరి అక్షరం దాకా చూసి, కూతురి పేరుని వేలితో ఒకసారి తడిమి, స్వెటరు సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తడమడం చూస్తే చిన్నకోడలికి ఎందుకో తన కూతురు గుర్తొచ్చింది. పొద్దుటినుంచి ఊళ్ళో పిల్లలందరి పేర్లూ కుట్టింది, చిట్టి పేరు ఒక్కసారీ కుట్టలేదు.

షాపు మూసేవేళ బల్ల కింద రాలిన టేపు ముక్కల్ని ఏరి, "ఇవి మా చిట్టికి తీసుకుపోనా?" అని అడిగింది.

"పారేసేవాటికి అడగడమెందుకమ్మా," అన్నాడు షాపాయన తాళాలు వెతుక్కుంటూ.

ఇంట్లో దీపాలు పెట్టే వేళకి అన్నం దగ్గర పనంతా ముగించుకుని, హాల్లో చాప వేసుకుని కూర్చుంది. చిట్టి బడిసంచీ తెచ్చి ముందర పెట్టింది, స్వెటరు తెచ్చి ఒళ్ళో పెట్టింది. అది కొన్నది కాదు. పోయిన భర్త మెరూన్ స్వెటరు ఒకటి పెట్టెలో ఉంటే, దాన్ని విప్పి, ఊలు ఆవిరి పట్టి, సాగదీసి, చిన్నకోడలు తనే అల్లింది. రెండేళ్ళు పనికి రావాలని కొంచెం పెద్దదే అల్లింది. చేతులు మడిస్తే గానీ చిట్టి వేళ్ళు బయటికి రావు.

చిట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తన పేరు ఒక్కో అక్షరంగా టేపు మీద లేస్తుంటే ఊపిరి బిగబట్టి చూసింది. స్వెటరుకి అయ్యాక సంచీకి. సంచీకి అయ్యాక టిఫిన్ డబ్బా మూత లోపల మేకుతో గీయమంది. నీళ్ళ సీసా మీద కూడా కావాలంది.

"చెప్పుల మీద?" అంది చివరికి.

"చెప్పుల మీద రాస్తే పేరుని తొక్కినట్టు కాదుటే?"

ఇద్దరూ నవ్వుకుంటూ ఉండగా పెద్దకోడలు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంచీ చూసింది. డబ్బా మూత తీసి చూసింది. దాన్ని మెల్లగా కింద పెట్టి, "ఏంటిది చెల్లీ?" అంది.

"పేర్లక్కా. బడిలో అడిగారుగా."

"స్వెటరుకి అడిగారు. టిఫిన్ డబ్బాకి కూడా అడిగారా? ఈ ఇంట్లో ఇదెవరి డబ్బా, అదెవరి గ్లాసు అని ఎప్పుడైనా అనుకున్నామా? ఇప్పుడు ఇంట్లో దొంగలెవరొచ్చారు?"

"దొంగలని ఎవరన్నారక్కా? పండు వస్తువులకి కూడా మొన్న నేనే కుట్టాను. నువ్వే ఇచ్చావు."

"పండువి బడి కోసం కుట్టించాను. నువ్వు కుడుతున్నది ఇంటి కోసం."

చిన్నకోడలు సూది ఆపింది. అందులో అబద్ధమేమీ లేదు. పెద్దకోడలి కూతురు పండు ఇంటికి పెద్దపిల్ల, చిట్టికంటే రెండు తరగతులు పైన. చెడ్డపిల్ల కాదు. చేతికి అందిందల్లా తనదనుకుంటుంది, అంతే. చిట్టి రంగు పెన్సిళ్ళు పండు సంచీలోకి వెళ్ళాయి. చిట్టికి మేనమామ తెచ్చిన గొడుగు పండు చేతిలో విరిగింది. అడిగినప్పుడల్లా అక్కేగా వాడుకుంది, పరాయివాళ్ళా అన్నారు. అటునుంచి ఇటు ఒక్క వస్తువూ రాలేదన్న మాట మాత్రం ఎవరూ అనలేదు.

మాటలు విని బావగారు గదిలోంచి వచ్చారు. తమ్ముడి గడియారం ఆయన చేతికి ఉంది. అదీ అలాగే, ఎవరూ ఎవర్నీ అడక్కుండానే వెళ్ళింది. ఆయన సంచీ మీద పేరు చదివి, "బాగుంది, బాగుంది," అన్నారు. "రేపు నా బనీను మీద కూడా కుట్టమ్మా. ఎప్పుడైనా నేనెవరో మర్చిపోతే విప్పి చూసుకుంటాను."

పెద్దకోడలు నవ్వలేదు. మూల మంచం మీద కూర్చున్న అత్తగారు నవ్వలేదు. "ఇళ్ళు చీలిపోయేది ఇలాంటి చిన్నవాటితోనే," అంది అత్తగారు గోడకేసి చూస్తూ. "నా కడుపున పుట్టినవాళ్ళిద్దరూ ఒకే కంచంలో తిన్నారు. వాడు పోయి రెండేళ్ళు కాలేదు, అప్పుడే గీతలు గీస్తున్నావు. ఆ ఊలు ఎవరిది? నా కొడుకుది. అది ఈ ఇంటిది."

"ఇంటిది కాదని నేననలేదు అత్తయ్యా."

"మరయితే విప్పేయ్," అన్నారు బావగారు, గొంతు పెంచకుండా. "బడిలో పోతే నేను కొంటాను. పేరు పెట్టుకు దాచుకునేంత పరాయివాళ్ళం కాదు ఇక్కడెవరమూ."

చిన్నకోడలు బ్లేడు తెచ్చింది. కుట్టడం కంటే విప్పడానికే ఎక్కువసేపు పట్టింది. ఊలు తెగకూడదు. ఒక్కో కుట్టు కింద బ్లేడు మూల దూర్చి, తెంపి, గోటితో దారం లాగింది. నీలం ముక్కలు చాప మీద పడుతుంటే చిట్టి వాటిని ఏరి అరచేతిలో పెట్టుకుంది. డబ్బా మూత మీద గీసింది పోదు కాబట్టి అదొక్కటీ మిగిలింది.

"మళ్ళీ కుడతావా?" అంది చిట్టి, చాప చుట్టేటప్పుడు.

"సర్దుకోవాలి తల్లీ," అంది చిన్నకోడలు.

బడి తెరిచిన రోజు చలి విరుచుకుపడింది. గోడకి వరసగా ఉన్న కొక్కేల మీంచి పండు మెరూన్ స్వెటరు లాక్కుని వేసుకుంది. అది చిట్టిది. పండుది కొత్తది, షాపుది, పలచన. ఫొటోలు తీసే రోజుకి మాసిపోకుండా ఉండాలని వాళ్ళమ్మ దాన్ని అల్మరాలో దాచింది. చేత్తో అల్లింది మందంగా వెచ్చగా ఉంది, పెద్దదిగా అల్లింది కాబట్టి పండుకి అచ్చంగా సరిపోయింది కూడా.

"పిన్నీ, ఎంత బాగుందో!" అంది పండు తన ఒళ్ళు తనే కౌగిలించుకుంటూ. ఆ మెచ్చుకోలు నిజమైనదే.

చిన్నకోడలు నోరు తెరవబోయింది. గుమ్మంలో పెద్దకోడలు జడ వేసుకుంటూ ఇటే చూస్తోంది. చిన్నకోడలు చిట్టికి చొక్కా కింద ఇంకో చొక్కా తొడిగి, గుండీలు పెట్టి, "అక్క వేసుకుంటే ఏమైందే? మనదేగా," అంది. చిట్టి తల ఊపింది. ఆ పిల్ల దేనికైనా తల ఊపుతుంది. అందుకే అందరూ బుద్ధిమంతురాలంటారు.

సాయంత్రానికి చిట్టి పెదాలు పగిలి ఉన్నాయి. వేలికొసలు నీలం తిరిగాయి. చిన్నకోడలు వాటిని తన చేతుల మధ్య రుద్ది, వెచ్చటి నీళ్ళలో ముంచి, నూనె రాసింది. రేపు పెద్దకోడలితో మాట్లాడతానని అనుకుంది. మర్నాడు షాపులో పని ఎక్కువగా ఉండి, పిల్లలు లేవకముందే వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. హాల్లో చిట్టి కొక్కేనికి మెరూన్ స్వెటరు వేలాడుతోంది. పండు తనంతట తనే తిరిగిచ్చేసిందన్నమాట అనుకుని చిన్నకోడలు మనసు తేలికపడింది. ఆ రాత్రి పండుకి అన్నం తనే కలిపి పెట్టింది, ఇంకో ముద్ద తినమని బతిమాలింది. ఆ మర్నాడూ, ఆ పై రోజూ రాత్రి స్వెటరు కొక్కేనికే ఉంది. చూశావా, అడక్కపోవడమే మంచిదయింది అనుకుంది.

ఆ తర్వాతి రోజు మధ్యాహ్నం షాపుకి బడి ఆయా వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ ఉన్నపళాన రమ్మంటున్నారని, ఇంటికి కూడా కబురు వెళ్ళిందని చెప్పింది. పిల్లకి ఒంట్లో బాగాలేదేమో అనుకుని చిన్నకోడలు సూది టేపుకే గుచ్చేసి, చెప్పుల్లో కాళ్ళు సరిగా పెట్టకుండానే పరిగెత్తింది.

ఆఫీసు గది బయట బల్ల మీద చిట్టి కూర్చుని ఉంది. ఒంటి మీద స్వెటరు లేదు. కాళ్ళు నేలకి అందక వేలాడుతున్నాయి. లోపలినుంచి దొంగతనం అన్న మాట వినపడింది. చిన్నకోడలికి ఒళ్ళు మండిపోయింది. కూతురి చెయ్యి పట్టుకుని గదిలోకి అడుగుపెడుతూనే, "మా పిల్ల అలాంటిది కాదండీ," అంది. "స్వెటరు గురించేనా? అది నేను అల్లింది. నా చేతులతో నేనే అల్లాను. వాళ్ళ నాన్న ఊలు అది. ఎవరైనా తీశారంటే ఈ పిల్లది తీశారు గానీ, ఈ పిల్ల ఎవరిదీ తీయలేదు. ఇంట్లోనే..."

ఇంట్లోనే అన్నాక ఆగిపోయింది. బావగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కన నిలబడ్డ టీచరు బల్ల మీది స్వెటరు అందుకుని, కాలరు వెనక్కి తిప్పి చూపించింది.

తెల్ల టేపు. నీలం గొలుసుకుట్టు. దూరంనుంచి కూడా తెలిసేంత పెద్ద అక్షరాలు.

చిన్నకోడలికి చదవాల్సిన అవసరం కూడా లేకపోయింది. చివరి అక్షరం దగ్గర దారం మలుపు తిప్పింది తనే. ఇది అల్లింది కాదు, షాపుది. మూడు రోజులుగా చీకట్లో కొక్కేనికి చూస్తున్నది ఇదే. చేతిలోకి తీసుకుంటే ఒక్క క్షణంలో తెలిసేది, తీసుకోలేదు.

కిటికీ దగ్గర నిలబడ్డ ఆడమనిషి ఇటు తిరిగింది. కళ్ళజోడు. "మీరా!" అందావిడ. ముందు ఆశ్చర్యపోయింది, తర్వాత ఆవిడ మొహం మారిపోయింది. "పేరు కుట్టేది మీరు, తీసుకుపోయేది మీ పిల్లా? మా అమ్మాయి మూడు రోజులనుంచి వణుకుతూ వస్తోంది. పోగొట్టుకొచ్చిందని దాన్ని కొట్టాను కూడా."

చిన్నకోడలు చిట్టి వైపు చూసింది. చిట్టి నేలకేసి చూస్తోంది.

"నువ్వే తీశావా?" అంది.

చిట్టి తల ఊపింది.

"ఎందుకు తీశావే?"

బావగారు గొంతు సవరించుకుని, కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మా ఇంట్లో ఇలాంటివి లేవు మేడమ్," అన్నారు. "మా పండుని ఇన్నేళ్ళుగా చూస్తున్నారు. తండ్రి లేని పిల్ల కదా అని గారాబం చేశాం. వాళ్ళమ్మ పొద్దస్తమానం బయటే. పెంపకం మా చేతుల్లో లేకుండా పోయింది."

హెడ్‌మిస్ట్రెస్ మంచిగానే మాట్లాడింది. చిన్నపిల్ల, బడిలోంచి తీసేయడం నాకూ ఇష్టం లేదంది. రేపు ప్రార్థన వేళ అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకుంటే చాలంది. కళ్ళజోడావిడ స్వెటరు దులిపి, మడిచి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

ఆవిడ అక్కణ్ణించి సూటిగా షాపుకే వెళ్ళింది. చిన్నకోడలు చిట్టిని తీసుకుని షాపు దగ్గరికి వచ్చేసరికి తన సంచీ, భోజనం డబ్బా, కళ్ళకి దగ్గర పెట్టుకునే భూతద్దం, అన్నీ కలిపి షాపాయన కౌంటరు మీద పెట్టి ఉంచాడు. ఆయన మొహం కూడా చిన్నబోయే ఉంది.

"మీ మీద నాకేం లేదమ్మా. కానీ వచ్చేవాళ్ళు పిల్లల బట్టలు నమ్మి ఇక్కడ వదిలిపోతారు. కొన్నాళ్ళు రాకండి. గొడవ చల్లారాక చూద్దాం," అన్నాడు. బల్ల దగ్గర అప్పుడే ఇంకెవరో కూర్చుని, ఆమె సగంలో వదిలిన టేపు చేతిలో పట్టుకుని చూస్తున్నారు.

రోడ్డు మీద చిన్నకోడలు వేగంగా నడిచింది. చిట్టి వెనక పరిగెత్తింది. మలుపు దగ్గర ఆ పిల్ల కాలు తడబడి పడబోతే, చెయ్యి పట్టుకుని లేపి, అదే చేత్తో చెంప మీద కొట్టింది. సైకిలు మీద పోతున్న ఒకాయన వెనక్కి తిరిగి చూశాడు. చిట్టి ఏడవలేదు. చెంప పట్టుకుని, గోడకి ఆనుకుని నిలబడింది, ఇంకో దెబ్బకి కూడా సిద్ధంగా ఉన్నట్టు. అలా నిలబడటం చూసి చిన్నకోడలు మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద కూలబడింది.

కొంతసేపటికి చిట్టి వచ్చి పక్కన కూర్చుంది. మధ్యలో జానెడు ఖాళీ ఉంచింది.

"చలేస్తే నాకు చెప్పాలిగా," అంది చిన్నకోడలు.

"చెప్పాగా."

"ఎప్పుడు చెప్పావు?"

"మళ్ళీ కుడతావా అని అడిగాగా."

చిట్టి చొక్కా అంచు వేళ్ళకి చుట్టుకుంటూ, బడిలో నోరు విప్పని పిల్ల, ఇప్పుడు ఒక్కో మాటే చెప్పుకొచ్చింది. "నాదయితే అక్క తీసుకుంటుంది. అది ఇంటిది. పేరున్నదయితే తీసుకోదు. ఆ అమ్మాయిది బడిలో కొక్కేనికి ఉంటే పెద్ద పేరు కనిపించింది. ఇంటికి తెచ్చి నా కొక్కేనికి పెట్టాను. పొద్దున్న అక్క అది కూడా తీసింది. కాలరు చూసింది. ఎవరిదే ఇది అంది. మా క్లాసమ్మాయిది అన్నాను. మళ్ళీ అక్కడే పెట్టేసింది." అని, తల్లి మొహంలోకి చూసింది. "మూడు రోజులు ఎవరూ తీయలేదమ్మా."

ఆ చివరి మాటలో సంతోషం లాంటిదేదో ఉంది. చిన్నకోడలు చెయ్యి చాచి పిల్లని దగ్గరికి లాక్కుంది. చెంప మీద తన వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి. రుద్దబోయి, ఆగి, పెదాలు ఆనించింది. సర్దుకోమని తను చెప్పిన ప్రతిసారీ ఈ పిల్ల తల ఊపింది. ఎలా సర్దుకోవాలో మాత్రం తనంతట తనే వెతుక్కుంది.

"ఆ అమ్మాయికి కూడా చలేస్తుందని అనుకోలేదా?" అంది కాసేపటికి.

చిట్టి ఆలోచించింది. "రెండో రోజు అనుకున్నా," అంది. అప్పుడు ఏడ్చింది.

ఇల్లు చేరేసరికి సంగతంతా ముందే చేరింది. పెద్దకోడలు గుమ్మంలోనే అందుకుంది. "బజారున పెట్టారు కదా ఇంటి పరువు! రేపు పండు బడిలో తలెత్తుకోవద్దా? దాని చెల్లెలు దొంగని అంటే అదేం చెప్పుకోవాలి?" పండు గది తలుపు చాటునుంచి చూస్తోంది. ఏడ్చినట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అత్తగారు మంచం మీద కూర్చుని ఉంది. బావగారు వీధి వైపు తిరిగి నిలబడ్డారు.

చిన్నకోడలు చిట్టి చెయ్యి వదిలి, హాలు దాటి, పెద్దకోడలి గదిలోకి నడిచింది. ఇన్నేళ్ళలో ఊడవడానికి తప్ప ఆ గదిలోకి వెళ్ళింది లేదు. అల్మరా తలుపు లాగి తెరిచింది. మడతల మధ్య చెయ్యి పెట్టి, చూడకుండానే, ఊలు తాకగానే తెలిసి, చిట్టి స్వెటరు బయటికి తీసింది.

"ఏయ్!" పెద్దకోడలు వెనకే వచ్చింది. "ఎవర్నడిగి తెరిచావు? మా అల్మరాలో చెయ్యి పెట్టేదేంటి? అడిగి తీసుకోవాలన్న ఇంగితం కూడా లేదా?"

గొంతు హాల్లోకి గట్టిగా వినపడింది. అన్నాక ఆవిడే ఒక్క క్షణం ఆగింది, తన నోటినుంచి వచ్చిందేమిటో తనకే వినపడ్డట్టు. హాల్లో అత్తగారు తల తిప్పి చూసింది. చిన్నకోడలు స్వెటరు తీసుకొచ్చి, బల్బు కింద చాప వేసుకుని కూర్చుని, సంచీలోంచి సూదీ దారం తీసింది. టేపు ముక్క మీద పెన్సిలుతో రాసి, దారం తడిచేసి, సూదికెక్కించింది.

"విప్పించాను ఒకసారి," అన్నారు బావగారు వీధి వైపునుంచే.

"ఇప్పుడు విప్పను బావగారూ."

ఆయన వెనక్కి తిరిగారు. ఆమె గొంతులో కోపం లేకపోవడమే ఆయనకి ఎక్కువ కోపం తెప్పించింది. "నీదీ నాదీ అనుకునేవాళ్ళకి కలిసి ఉండటం దేనికి? వెనక గది ఖాళీ చేయిస్తాను. పొయ్యి వేరు పెట్టుకో. పని కూడా పోయిందటగా, ఎలా మండుతుందో చూస్తాను."

"అలాగే," అంది చిన్నకోడలు. సూది దించింది. మొదటి అక్షరం వంకర పోయింది. విప్పకుండా అలాగే కుట్టుకుంటూ పోయింది. చిట్టి చాప అంచున, కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వస్తే పెద్దకోడలు అటు వెళ్ళింది.

అత్తగారు మంచం దిగింది. కర్ర లేకుండా, గోడ పట్టుకుని, మెల్లగా చాప దగ్గరికి వచ్చింది. ఇంక ఇదొక్కటే మిగిలింది అనుకుని చిన్నకోడలు తల ఎత్తలేదు. ముసలావిడ వంగి స్వెటరు అంచు చేతిలోకి తీసుకుంది. ఊలుని బొటనవేలితో రుద్దింది. ఆ ఊలు ఒకప్పుడు ఎవరి భుజాల మీద ఉండేదో ఆ వేలికి తెలుసు.

"ఒక్క పేరే కుడుతున్నావా?" అంది చివరికి.

"ఆఁ."

"ఇంటిపేరు?"

చిన్నకోడలు తల ఎత్తింది.

"ఇంటిపేరు కూడా కుట్టు," అంది ముసలావిడ. ఆ మాట పెద్దకొడుకు వినాలన్నట్టు కాస్త గట్టిగానే అంది. "వాడు దానికి ఇచ్చిపోయింది అదొక్కటే. అది కూడా తీసేసుకుంటే ఎలా?"

బావగారు అమ్మా అనబోయి ఊరుకున్నారు. ముసలావిడ మళ్ళీ గోడ పట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. వెనక గదికి వెళ్ళమన్న మాటని కాదనలేదు, పొయ్యి వేరు పెట్టొద్దని కూడా అనలేదు. టేపు చాలలేదు. చిన్నకోడలు ఇంకో ముక్క తీసి, ఇంటిపేరు విడిగా కుట్టి, రెంటినీ పక్కపక్కన కాలరుకి అతికించింది.

మర్నాడు పొద్దున్న పండు అల్మరాలోంచి తన కొత్త స్వెటరు తీసి వేసుకుంది. పిన్నీ అని పిలవకుండానే, చిట్టి కోసం ఆగకుండానే, ముందు వెళ్ళిపోయింది. ఎప్పుడూ చెయ్యి పట్టుకు వెళ్ళే పిల్లలు. చిట్టి గుమ్మంలో నిలబడి, అక్క వీధి మలుపు తిరిగేదాకా చూసింది. చిన్నకోడలు తనే పిల్లని తీసుకుని బయల్దేరింది.

బడి ఆవరణలో పిల్లలు తరగతుల వరసల్లో నిలబడ్డారు. అందరి నోళ్ళనుంచీ తెల్లటి ఆవిరి. పెద్దవాళ్ళు గేటు దాటకూడదు కాబట్టి చిన్నకోడలు ఊచలు పట్టుకుని బయటే నిలబడింది. ప్రార్థన అయ్యాక టీచరు చిట్టి భుజం మీద చెయ్యి వేసి మెట్ల మీదికి తీసుకొచ్చింది. అంత ఎత్తున ఆ పిల్ల మరీ చిన్నగా కనిపించింది. చేతుల మడతలు ఊడి, స్వెటరులో వేళ్ళు మునిగిపోయాయి.

"ముందు నీ పేరు చెప్పు," అంది హెడ్‌మిస్ట్రెస్. "అందరికీ వినపడాలి."

చిట్టి గేటు వైపు చూసింది. తర్వాత ముందుకి చూసి, పేరు చెప్పింది. చిట్టి అని కాదు, బడిలో పిలిచే సగం పేరు కాదు, ఇంటిపేరుతో సహా, కాలరులో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ సన్నటి గొంతు చలిగాలిలో ఆవరణ చివరిదాకా వెళ్ళింది. "నాది కాని స్వెటరు నేను తీసుకున్నాను. తప్పు చేశాను. ఇంకెప్పుడూ తీసుకోను."

పేరు వినగానే పైతరగతి వరసలో కదలిక పుట్టింది. ఒకరిద్దరు వెనక్కి తిరిగారు. వాళ్ళని చూసి ఇంకొందరు తిరిగారు. ఆ ఇంటిపేరు తమ వరసలో ఎవరిదో వాళ్ళకి తెలుసు. అందరూ పండునే చూస్తున్నారు. పండు మొహం ఎర్రబడింది. తల దించుకుంది. పక్కపిల్ల ఏదో గుసగుసగా అడిగింది. కాదన్నట్టు తల అడ్డంగా ఊపబోయి, పండు ఆగిపోయింది. గేటు దగ్గరున్న పిన్ని కనపడిందో, మెట్ల మీదున్న చెల్లెలు కనపడిందో. మెల్లగా, అవును అన్నట్టు తల ఊపింది.

చిట్టి మెట్లు దిగి తన వరసలోకి వెళ్ళింది. ఆ పిల్లకి చోటిస్తున్నట్టుగా ముందువాళ్ళూ వెనకవాళ్ళూ ఒక్కో అడుగు దూరం జరిగారు. ఆ ఖాళీలో చిట్టి ఒక్కతే నిలబడి, మెడదాకా గుండీలు పెట్టుకుంది. గంట మోగింది. వరసలు లోపలికి కదిలాయి. కాపలా మనిషి వచ్చి, వెళ్ళమ్మా, తలుపులు వేయాలి అన్నాడు. ఊచలకి చిన్నకోడలి వేళ్ళు చలికి అతుక్కుపోయినట్టున్నాయి. ఒక్కొక్కటిగా విడదీసుకుని, షాపులున్న వీధి వైపు కాక రెండో వైపు తిరిగింది. అటు ఆమెను ఎరిగినవాళ్ళు లేరు. కుట్టుపని ఏమైనా ఉందా అని మొదటి తలుపు దగ్గర ఆగి అడిగింది.